గళ్ళ చొక్కావాడు మళ్ళీ వచ్చాడా

పోనీ, కథ లేదు, సరే. కథ లేని మంచి సినిమాలు నేనే బోలెడు చూశాను. నటన రాదు, అదీ సరే. కానీ ఆ కారు సంగతేమిటి? పేలిపోయే ముందు కారు ఎందుకు పాతదైపోతుంది? అంతసేపూ హీరో నడిపింది నల్లగా నిగనిగలాడే కొత్త బండి. వంతెన ఎక్కేసరికి రంగు అదే, బండి మాత్రం తుక్కు దుకాణం నుంచి తోలుకొచ్చిన డొక్కు. తలుపు సొట్ట, ఒక దీపం లేదు. ఢాం. "పాపం, బడ్జెట్ లేదే" అంటాడు మా ఆయన. బడ్జెట్ లేకపోతే పేల్చడం మానేయండి! పేల్చకపోతే ఎవరు ఏడ్చారు? ఇద్దరు మనుషుల్ని ఒక గదిలో కూర్చోబెట్టి మాట్లాడించండి. ఈ మాట నేను అన్నప్పుడల్లా మా ఆయనా, డ్రైవరన్నా కలిసి నా వైపు జాలిగా చూస్తారు. ఆ చూపుకే నాకు ఒళ్ళు మండుతుంది.

ఈ గొడవ మా ఇంట్లో ప్రతి శుక్రవారం ఉండేదే. మేముండేది దోహాలో, అల్ ఘర్రాఫా అనే పేటలో, ఒక విల్లా వెనకాల కట్టిన రెండు గదుల్లో. ముందు విల్లాలో ఇంటివాళ్ళు ఉంటారు. గేటు పక్కన ఉన్న చిన్న గదిలో వాళ్ళ డ్రైవరు. రాయచోటి దగ్గరి మనిషి, యాభై దాటాయి. మేం దిగిన రోజున మా పెట్టెలు మోస్తూ "మనోళ్ళేనా?" అన్నాడు, అంతే, ఆ రోజు నుంచి అన్న. మా ఆయనది కాకినాడ. దోహాలో ఒక టవరు కడుతున్న చోట సేఫ్టీ ఆఫీసరు, అంటే పైకెక్కి పనిచేసేవాళ్ళు కింద పడకుండా చూడటం ఆయన పని. నేను హైదరాబాదులో పుట్టి పెరిగాను. కొత్త ఫోన్ల గురించి చిన్న చిన్న వీడియోలు చేసి ఒక దుకాణానికి ఇస్తుంటాను. అందుకే ఫోను నా చేతిలోనే ఉంటుంది. అది నా డ్యూటీ. దాన్ని జబ్బు అని పిలిచేది మా అత్తగారొక్కరే.

శుక్రవారం మధ్యాహ్నం ఇంటివాళ్ళు నమాజు నుంచి వచ్చి, తిని, పడుకుంటారు. డ్రైవరన్నకు అదొక్కటే ఖాళీ. పెన్ డ్రైవు జేబులో వేసుకుని, చెప్పులు బయట విడిచి, "వస్తాండానమ్మా" అని ఒక కేక వేసి లోపలికొస్తాడు. ఆ పెన్ డ్రైవును ఇండస్ట్రియల్ ఏరియాలో ఫోన్లు బాగుచేసే దుకాణంలో నింపించుకొస్తాడు. అందులో ఉన్నవన్నీ థియేటరు మొహం చూడని ఫైటింగ్ సినిమాలు. ఒకప్పుడు ఇలాంటివి తిన్నగా సీడీల్లోకి దిగేవట, ఇప్పుడు తిన్నగా మా హాల్లోకి దిగుతున్నాయి. ఏ దేశానివో తెలియదు. పేర్లూ తెలియవు, ఫైలు మీద అంకెలు తప్ప ఇంకేం ఉండదు. హిందీలో డబ్బింగు చేసి ఉంటాయి. పెదాలు మూతబడ్డాక కూడా మాటలు నడుస్తూనే ఉంటాయి. అన్ని సినిమాల్లోనూ అదే గోదాము, అదే నీలం తలుపు. హీరో మారతాడు, విలన్ మారతాడు, తలుపు మారదు.

"ఎందుకన్నా ఇవే చూస్తవ్?" అని ఒకసారి సూటిగా అడిగాను.

"నీ సినిమాలకు టయిం గావల్లమ్మా," అన్నాడు డ్రైవరన్న. "మద్దెలో మా మేడం ఫోన్ జేసి యల్లా, బండి తియ్యి అనిందంటే నేను లేసి పోవల్ల. గంటకొస్తానో, రెండు గంటలకొస్తానో నాకే తెల్దు. తిరిగొచ్చి కూచుంటే నీ సినిమా నాకు అర్తమయితాదా? ఇదైతే యాడ కూచున్నా అర్తమయితాది. కొట్టేటోడు కొడ్తాంటాడు, పడేటోడు పడ్తాంటాడు."

దీనికి నా దగ్గర గట్టి సమాధానమే ఉంది. రెండు గంటలు కుదురుగా కూర్చోలేని మనిషి సినిమాల జోలికి పోకూడదు, పాటలు వినాలి. అది అందామని నోరు తెరిచానో లేదో నా ఫోను మోగింది. మాట్లాడి వచ్చేసరికి ఇద్దరూ నన్ను చూసి ముసిముసిగా నవ్వుతున్నారు.

అసలు వీళ్ళకి హీరోతో పనే లేదు. వీళ్ళు చూసేది వేరే మనిషిని. నాకు ఈ సంగతి తెలియడానికి చాలా శుక్రవారాలు పట్టాయి. ఆ సినిమాలన్నిటిలోనూ దెబ్బలు తిని పడిపోయే రౌడీ ఒకడున్నాడు. సన్నటి మనిషి, వంకర ముక్కు. మొదటిసారి కనిపించినప్పుడు గళ్ళ చొక్కా వేసుకున్నాడట, అందుకని వీళ్ళు వాడికి గళ్ళ చొక్కా అని పేరు పెట్టుకున్నారు. డబ్బుల్లేని సినిమా కదా, చచ్చినవాడినే మళ్ళీ వాడుకుంటారు. మొదటి ఫైటులో మేడ మీంచి పడి చస్తాడు. పావుగంట తర్వాత నల్ల కళ్ళజోడు పెట్టుకుని విలన్ వెనకాల నిలబడి ఉంటాడు. ఈసారి తుపాకీకి చస్తాడు. చివర్లో మీసం అతికించుకుని మళ్ళీ దిగుతాడు. ఎన్ని వేషాలు వేసినా వీళ్ళు పట్టేస్తారు. ఎందుకంటే పడబోయే ముందు వాడు ప్యాంటు పైకి లాక్కుంటాడు. ప్రతిసారీ లాక్కుంటాడు. ఆ చెయ్యి నడుం దగ్గరికి పోగానే మా హాలు స్టేడియం అయిపోతుంది.

"వచ్చేశాడన్నా, వచ్చేశాడు!" అని మా ఆయన సోఫాలోంచి లేస్తాడు.

"సచ్చినోడు మళ్ళీ వచ్చినాడు సూడు! వాని తస్సాదియ్యా!" అని డ్రైవరన్న తొడ చరుస్తాడు.

ఇంజనీరింగ్ చదివిన మనిషి మా ఆయన.

పైగా నాకు పాఠాలు. ఒకరోజు గళ్ళ చొక్కా సందులో ఉన్న అట్టపెట్టెల మీద పడ్డాడు.

"ఏ ఊర్ల పెడ్తరు చెప్పు, సందులో మనిషెత్తు ఖాళీ డబ్బాలు?" అన్నాను.

"పెట్టరే. ఈ మనిషి పడతాడని ఎవడో ముందే ఆలోచించి పేర్చాడు," అన్నాడు మా ఆయన, టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా. "ఉన్న కాసిని డబ్బుల్లో అది మాత్రం మర్చిపోలేదు చూడు."

గుళ్ళో నిలబడ్డవాడిలా చెప్పాడు. నేను వంటింట్లోకి పోయి గిన్నెలు కొంచెం గట్టిగానే తోమాను.

నేను ఊరుకున్నానని అనుకోకండి. ఒక శుక్రవారం నా వంతు అని పోట్లాడి, బహుమతులొచ్చిన ఒక సినిమా పెట్టాను. అందులో ఒకతను నీళ్ళ ట్యాంకు కడుగుతూ మెట్ల మీంచి జారతాడు. పడటం చూపించరు. దండెం మీద ఆరేసిన తడి చీరను చూపిస్తారు. చాలాసేపు చూపిస్తారు. నేనైతే కళ్ళు తుడుచుకున్నాను. మధ్యలో డ్రైవరన్నకు మేడం ఫోను వచ్చింది. పోయి, మేడంని ఆవిడ అక్కగారింట్లో దింపి, తిరిగొచ్చి కూర్చున్నాడు.

"ఏమయిందమ్మా?" అన్నాడు.

"ఏం కాలేదన్నా."

"మరి చీర ఇంగా ఆరలేదా?"

మా ఆయన నవ్వలేదు. "వాడికేమైందే?" అన్నాడు.

"ఎవరికి?"

"పడ్డవాడికి."

"అది కాదు పాయింటు," అన్నాను. సినిమా అయ్యేదాకా నాలుగుసార్లు అడిగాడు. చివరికి నేను టీవీ కట్టేసి, కళ తెలియని మనిషితో కాపురం చేస్తున్నానని మా అమ్మకి వాయిస్ మెసేజి పెట్టాను. పక్కనే కూర్చుని విన్నాడు.

ఇక అసలు గొడవకొస్తాను. మొన్న చలికాలం చివర్లో జరిగింది. ఆ శుక్రవారం పెట్టిన సినిమా ఎప్పటిలాగే చెత్త. బొత్తాలున్న ఫోను చెవికి పెట్టుకుని విలన్ అరుస్తున్నాడంటే ఎంత పాతదో మీరే అర్థం చేసుకోండి. సినిమా మొదలైన కాసేపటికే గళ్ళ చొక్కా గోదాము కప్పు మీద నిలబడి, ప్యాంటు లాక్కుని, వెనక్కి పడ్డాడు. ఈసారి అట్టపెట్టెలు కనపడలేదు. అంతలో డ్రైవరన్నకు ఫోను. "మళ్ళా వస్తాడు, ఎట్లొచ్చినాడో నాకు చెప్పండి," అని ఆయన పరిగెత్తాడు.

వాడు రాలేదు. ఫైటు తర్వాత ఫైటు అయిపోయింది. కళ్ళజోడుతో రాలేదు, మీసంతో రాలేదు. సినిమా అయిపోయింది. మా ఆయన రిమోటు తీసుకుని వెనక్కి తిప్పాడు. కప్పు, ప్యాంటు, పడటం. మళ్ళీ తిప్పాడు. కెమెరా చూపించినంత వరకు కింద ఉన్నది ఉత్త సిమెంటు నేలే. మళ్ళీ తిప్పాడు.

నాకు పిచ్చి కోపం వచ్చింది. రిమోటు లాక్కున్నాను.

"పిచ్చా నీకు? సినిమా అది! పైసలిస్తే పడ్డడు, లేచి ఇంటికి పోయిండు!"

"పోయాడని నీకెలా తెలుసు?"

"పోకపోతే ఏంది? నీకేంది?"

"ఇలా ఇవ్వవే, ఇంకొక్కసారి."

"ఇయ్య. ఈ శుక్రవారంతో బంద్. ఈ ఇంట్లో ఇంకెవరూ కింద పడరు!"

అప్పుడు చెప్పాడు. రిమోటు కోసం చాపిన చెయ్యి అలాగే ఉంది.

రెండు నెలల కిందట వాళ్ళ సైటులో ఒక నేపాలీ మనిషి పడ్డాడు. అది నాకు తెలుసు. తుంటి విరిగిందని, ఆసుపత్రిలో ఉంచి, కాస్త కుదుటపడ్డాక ఇంటికి పంపించారని అప్పుడే చెప్పాడు. ఒంటికి బెల్టు వేసుకున్నాడు, కొక్కెం కూడా తగిలించుకున్నాడు. ఒక కడ్డీ నుంచి ఇంకో కడ్డీకి మారేటప్పుడు ఒక్క క్షణం తీశాడు. మా ఆయన కింది నుంచి "హుక్, హుక్" అని అరుస్తూనే ఉన్నాడట. నాకు తెలియనిది ఒకటుంది. ఆ రోజు నుంచి ఈయన పైకి ఎక్కలేదు. మొదటి మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి దిగిపోతున్నాడట. కిందే నిలబడి, ఫోను కెమెరా పెద్దది చేసి పైన చూసి, తన దగ్గర పనిచేసే కుర్రాళ్ళని ఎక్కించి నెట్టుకొస్తున్నాడు.

"ఆదివారం కొత్త మేనేజరు వస్తున్నాడు," అన్నాడు. "సేఫ్టీ ఆఫీసరుతో కలిసి పై అంతస్తు దాకా ఎక్కి చూస్తాడంట."

"ఎక్కకపోతే?"

"ఎక్కలేని సేఫ్టీ ఆఫీసరు ఎవడికి కావాలే?"

ఆయన ఉద్యోగం పోతే ఆయన వీసా పోతుంది. నేను ఉంటున్నది ఆ వీసా మీదే. ఈ రెండు గదులు, నా వీడియోలు, నేను పోట్లాడి కొనిపించిన పరుపు, అన్నీ ఆ మొదటి మెట్టు మీదే నిలబడి ఉన్నాయన్నమాట. రెండు నెలలుగా ఈ మనిషి నాకు ఒక్క ముక్క చెప్పకుండా గళ్ళ చొక్కాకి చప్పట్లు కొడుతున్నాడు!

"మరి ఆ మనిషికి ఫోన్ చేసినవా?"

"నెంబరుంది."

"చేసినవా అంటున్న."

"చేసి ఏమడగనే? లేచి నడుస్తున్నావా అని అడగనా? నడవట్లేదంటే?"

ఆ సమయంలో తలుపు తోసుకుని డ్రైవరన్న వచ్చాడు. తాళాల గుత్తి వేలికి తిప్పుకుంటూ గుమ్మంలోనే అడిగాడు.

"వచ్చినాడా?"

మా ఆయన గోడ వైపు చూశాడు. ఇక నేనే చెప్పాల్సి వచ్చింది.

"రాలేదన్నా."

"అదేంది? రాకుండా యాడికి పోతాడు?" అని డ్రైవరన్న టీ కూడా అడగకుండా వెళ్ళిపోయాడు. వెళ్తూ పెన్ డ్రైవు మర్చిపోయాడు.

శనివారం పొద్దున్నే లేచి నేను ఆ పెన్ డ్రైవును నా ల్యాప్‌టాప్‌కి పెట్టాను. కోపంతోనే పెట్టాను, జాలితో కాదు. నా సెలవు రోజది. చెయ్యాల్సిన వీడియోలు రెండున్నాయి. అవి వదిలేసి, నేను, బహుమతుల సినిమాలు తప్ప ముట్టని నేను, ఆ చెత్తను ఒకదాని తర్వాత ఒకటి పరిగెత్తించి చూడటం మొదలుపెట్టాను. ముందు పేరు కోసం వెతికాను. ఆ సినిమాల చివర హీరో పేరుంటుంది, కుక్క పేరు కూడా ఉంటుంది, పడేవాళ్ళ పేర్లు ఉండవు. సిగ్గుండాలి. ఇక మనిషినే వెతకాలి.

గళ్ళ చొక్కా చాలాచోట్ల దొరికాడు. కిటికీలోంచి పడ్డాడు, లారీ మీంచి పడ్డాడు, గుర్రం మీంచి కూడా పడ్డాడు. కానీ ఏ సినిమా ముందుది, ఏది తర్వాతది? గోదాము మీంచి పడకముందు ఎన్నిసార్లు లేచినా మా ఆయనకి లెక్కలోకి రాదు. ఆ తర్వాత లేచాడని కావాలి. అప్పుడు నాకు విలన్ చేతిలోని ఫోను గుర్తొచ్చింది. ఇళ్ళు మారకపోవచ్చు, నీలం తలుపు మారకపోవచ్చు, ఫోను మారుతుంది. పాతకాలపు మడత ఫోనుంటే ఆ సినిమా తీసి పక్కన పెట్టాను. బొత్తాల ఫోనుంటే పక్కన పెట్టాను. తెర కింద గుండ్రటి బొత్తం ఉన్న టచ్ ఫోన్లు వచ్చేసరికి కాస్త ఊపిరాడింది. ఒక దాంట్లో విలన్ ఫోను వెనక మూడు కెమెరాలున్నాయి. ఆ మోడలు మీద నేనే వీడియో చేశాను. దాన్ని మాత్రం పరిగెత్తించకుండా చూశాను.

హీరో కారు ఒక గేటు ముందు ఆగింది. లోపలి నుంచి వాచ్‌మన్ వచ్చాడు. జుట్టు నెరిసింది, పొట్ట ముందుకొచ్చింది, ముక్కు వంకర. గేటు తీశాడు. కారు లోపలికి పోయింది. కెమెరా ఇంకా అక్కడే ఉంది, కట్ చెయ్యడం మర్చిపోయారేమో, అలాంటి సినిమాయే కదా. వాడు ప్యాంటు పైకి లాక్కున్నాడు. పడతాడనుకున్నాను. పడలేదు. వెనక ఉన్న ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు.

నేను అరిచిన అరుపుకి మా ఆయన సబ్బు నురగతోనే స్నానాల గదిలోంచి బయటికొచ్చాడు.

"వచ్చిండు!" అన్నాను. "చూడు! ఫోన్ చూడు ముందు, మూడు కెమెరాలు! నిన్నటి సినిమాలో బొత్తాల ఫోన్. ఇది దాని తర్వాత తీసింది, పదేళ్ళైనా అయినంక! వచ్చిండు!"

తువ్వాలు చుట్టుకుని అక్కడే నేల మీద కూర్చుని చూశాడు. మళ్ళీ పెట్టమన్నాడు, పెట్టాను. మళ్ళీ పెట్టమన్నాడు. ఈసారి నేను బంద్ అనలేదు.

"లావయ్యాడు," అన్నాడు చివరికి.

డ్రైవరన్నని పిలిచి చూపించాం. ఆయన కళ్ళజోడు సర్దుకుని చూసి, "లావయినాడంటే బాగుండాడనే కదమ్మా," అన్నాడు. తర్వాత ఇంకో మాట అన్నాడు. "ఎవుడో కుర్చీ ఏసినాడు సూడు వానికి."

సాయంత్రం మా ఆయన తనంతట తానే ఫోను తీసుకుని బయట కారు షెడ్డులోకి వెళ్ళాడు. కిటికీలోంచి నాకు ఈ వైపు మాటలే వినబడ్డాయి. హిందీలో, మెల్లగా మొదలుపెట్టాడు. కాసేపటికి గొంతు పెరిగింది. ఆ తర్వాత "అలా ఎలా కుదురుతుంది భాయ్" అన్న ధోరణిలోకి దిగాడు. మొహం మాడ్చుకుని లోపలికొచ్చాడు.

"ఏమన్నడు?"

"కర్ర పట్టుకుని నడుస్తున్నాడంట. మూడు నెలల్లో కర్ర తీసేస్తారంట."

"మంచిదే కదా, మరి మొహం ఎందుకట్ల పెట్టినవ్?"

"వాళ్ళ బావమరిదికి ఇక్కడ ఉద్యోగం చూడమని గంట నుంచి ఒకటే ప్రాణం తీస్తున్నాడే! వాడికి పదో తరగతి కూడా లేదు. ఫోర్‌మన్ కింద పెట్టించమంటాడు!"

నేను నవ్వడం మొదలుపెడితే ఆపుకోలేకపోయాను. ఆయనకి ఇంకా కోపం వచ్చింది. ఆ కోపంతోనే అన్నం తిన్నాడు, రెండోసారి కూడా వడ్డించుకున్నాడు.

ఆదివారం పొద్దున నేను ఒక్క పని కూడా చెయ్యలేదు. ఫోను ముందర పెట్టుకుని కూర్చున్నాను. ఎండ గోడ దిగి గేటు దాకా వచ్చింది. అప్పుడు ఒక ఫొటో వచ్చింది. ఇనుప కడ్డీ, దానికి గట్టిగా తగిలించిన కొక్కెం, కింద చాలా లోతున అగ్గిపెట్టెల్లాంటి కార్లు. ఒక మూల ఆయన బూటు. కింద ఏమీ రాయలేదు.

వెంటనే ఫోన్ చేశాను.

"పైన నిలబడి ఫోన్ తీస్తవా? నువ్వు సేఫ్టీ ఆఫీసరువేనా? చెయ్యి జారితే? కింద ఎవడి నెత్తి మీదనో పడితే? లోపల పెట్టు! పెట్టు ముందు!"

"పెడుతున్నానే బాబూ," అన్నాడు. గాలి హోరులో ఆయన గొంతు నవ్వుతున్నట్టే వినబడింది. "మేనేజరు చూస్తున్నాడు, పెట్టేస్తున్నా."

ఫోను పెట్టేశాక ఆ ఫొటో పెద్దది చేసి కొక్కెం ఒకటికి రెండుసార్లు చూశాను. తర్వాత, మీరు నమ్మండి నమ్మకపోండి, మళ్ళీ కోపం వచ్చింది. ఈసారి నా మీద వచ్చింది, నా బహుమతుల సినిమా మీద వచ్చింది.

ఆ చెత్త సినిమాలు చెత్తే. నేను మాట మార్చడం లేదు. కారు ముసలిదైపోవడం తప్పే, నీలం తలుపు తప్పే, పెదాలు ఆగాక మాట్లాడటం తప్పే. ఇప్పుడు ప్రతి శుక్రవారం వాళ్ళతో కూర్చుని చూడాల్సి వస్తోంది, అది నా ఖర్మ. డ్రైవరన్నకు ఫోను వచ్చినప్పుడు, తిరిగి రాగానే "వచ్చిండన్నా, ఈసారి పోలీసు బట్టల్లో" అని నేనే చెప్తున్నాను, అదీ నా ఖర్మే. కానీ ఆ నీళ్ళ ట్యాంకు మీంచి జారిన మనిషి? బోలెడు డబ్బుంది, పెద్ద కెమెరా ఉంది, బహుమతులున్నాయి. వాడు లేచాడా, కర్ర పట్టుకున్నాడా, పోయాడా, ఒక్క షాటు చూపించడానికి తీరిక లేకపోయింది వాళ్ళకి. తడి చీర చూపించారు. నేను మూడుసార్లు చూశాను ఆ సినిమా, మూడుసార్లూ ఏడ్చాను, ఆ మనిషికి ఏమైందని ఒక్కసారి కూడా అనుకోలేదు.

మనిషిని కిందికి తోసి దండెం వైపు తిరిగిపోయే సినిమా గొప్పదీ, చచ్చినవాడికి మీసం పెట్టి మళ్ళీ తెచ్చి, చివరికి కుర్చీ వేసి కూర్చోబెట్టే సినిమా చెత్తదీనా? అవునని నా మొహం మీద చెప్పగలరా మీరెవరైనా?